వంశస్మరణము – వంశనిర్ణయము

శ్రాద్ధకర్మయందు కర్త తన పితృదేవతలను పేరుపేరున స్మరించును. తండ్రిని వసురూపునిగను, పితామహుని రుద్రరూపునిగను, ప్రపితామహుని ఆదిత్యరూపునిగను భావించి, ఒక్కొక్కరి గోత్రమును, నామమును ఉచ్చరించి పిండోదకములు సమర్పించును. మాతృవర్గమునకును, మాతామహవర్గమునకును విధి ఇట్టిదే. "మా వంశములోని పెద్దలు" అను సామాన్యవచనముతో శాస్త్రము తృప్తి చెందలేదు. వ్యక్తిని, వ్యక్తితో తనకుగల సంబంధమును నిర్దేశించి పలుకుమన్నది.

ఈ మూడు తరములకు పైనున్న పూర్వికులను గూర్చిన జిజ్ఞాస సహజము, ప్రశంసనీయము. ఆలయకుడ్యముపై ఒక శాసనమునందో, ఒక తామ్రపత్రమునందో, గ్రామ కైఫీయతునందో, ఇనాం దస్తావేజునందో తన ఇంటిపేరు, తన తాతగారి పేరు కనబడినప్పుడు మనస్సు పులకించును. "ఈతడే మా మూలపురుషుడు" అను నిశ్చయము ఆ క్షణముననే కలుగును. అయితే ఆ నిశ్చయము ప్రమా యగునా, భ్రమ యగునా అను ప్రశ్న మిగిలియున్నది. సంకల్పమునందు ఉచ్చరింపవలసిన నామము విషయమున ఈ ప్రశ్నను ఉపేక్షింపరాదు.

ధర్మశాస్త్రము విధించిన అవధి

బంధుత్వమునకు మనువు రెండు అవధులను నిర్దేశించెను. సపిండత్వము ఏడవ పురుషునితో నివర్తించును. దానికి ఆవలనున్నది సమానోదకభావము. ఇది జన్మము, నామము తెలియనిచోట నివర్తించును. ఇందలి సూక్ష్మతను గ్రహింపవలెను. "ఫలానా వంశమున ఫలానా పేరుగలవాడు పుట్టెను" అను జ్ఞానము ఎంతవరకు నిలిచియున్నదో అంతవరకే సమానోదకభావము. అనగా మన ప్రాచీనులు బంధుత్వమును రక్తముతోనే గాక జ్ఞానముతోను ముడివేసిరి.

సమానోదకభావము అంతరించినచోట మిగులునది సగోత్రత్వము మాత్రమే. సగోత్రులందరు ఒకే ఋషిని స్మరింతురు. అంతమాత్రమున ఒక సగోత్రుడు మరియొక సగోత్రునికి ప్రపితామహుడు కానేరడు. సపిండుడు, సమానోదకుడు, సగోత్రుడు అను ఈ మూడు కక్ష్యలను కలిపివేయుటయే వంశనిర్ణయమున జరుగు దోషములలో ప్రథమము.

గోత్రము, ఇంటిపేరు

సప్తర్షులు, అగస్త్యుడు అను ఎనమండుగురి సంతతి గోత్రములకు మూలమని సూత్రకారుల వచనము. ఆ గోత్రముల శాఖలు విస్తరించినను, ఒక్కొక్క గోత్రమువారు దేశమంతట వేలాది కుటుంబములుగా ఉన్నారు. ఆదికవి నన్నయభట్టారకుడు ముద్గలగోత్రుడు, ఆపస్తంబసూత్రుడు. నేడు ముద్గలగోత్రమున జన్మించి ఆపస్తంబసూత్రము ననుసరించువారెందరో కలరు. వారిలో ఏ ఒక్కరైనను ఆ రెండింటిని మాత్రమే ఆధారముగా గొని "మేము నన్నయ సంతతివారము" అనినచో, ఆ వాక్యమునకు అదే గోత్రసూత్రములుగల తక్కినవారందరు సమానాధికారులే యగుదురు.

కాలవ్యవధిని కూడ గణింపవలెను. రాజరాజనరేంద్రుడు నారాయణభట్టునకు అగ్రహారమిచ్చిన నందంపూడి శాసనము 1053 నాటిది. దానిని రచించినవాడు నన్నయ. తరమునకు 25 నుండి 30 సంవత్సరములు లెక్కించినచో అప్పటినుండి నేటికి సుమారు 32 మొదలు 39 తరములు గడచినవి. ఈ మధ్యకాలపు పురుషులలో ఒక్కరి పేరైనను తెలియనిచో సంబంధమును నిశ్చయించుట ఎట్లు?

పూర్వము తెలియని గోత్రము విషయమున మరియొక విశేషము కలదు. తన గోత్రము తెలియనివాడు కాశ్యపగోత్రమును చెప్పుకొను ఆచారము ప్రసిద్ధము. కావున ఒక పత్రమునందు కాశ్యపగోత్రమని ఉన్నప్పుడు అది పరంపరాగతమో, అజ్ఞానమున స్వీకరింపబడినదో ఆ పదము స్వయముగా చెప్పజాలదు.

ఇంటిపేరు గోత్రముకన్న సన్నిహితమైన లింగమే. అయినను తెలుగునాట ఇంటిపేర్లలో పెక్కులు గ్రామనామములు. ఒక గ్రామము విడిచి వచ్చిన బ్రాహ్మణునికి, వణిజునికి, కర్షకునికి, శిల్పికి కూడ ఆ గ్రామనామమే ఇంటిపేరు కావచ్చును. ఇంటిపేరొకటియై గోత్రములు వేరైన కుటుంబములు ప్రతి మండలమునందును కానవచ్చును. వలసపోయినచోట పాత ఇంటిపేరు పోయి క్రొత్తది వచ్చుటయు కలదు.

నామసామ్యము, సంవత్సరచక్రము

తాత పేరు మనుమనికి ఉంచుట మన సంప్రదాయము. ఈ పవిత్రాచారమే పరిశోధకునికి పరీక్షయగును. రామయ్య కుమారుడు సుబ్బయ్య, అతని కుమారుడు రామయ్య, అతని కుమారుడు సుబ్బయ్య; ఇట్లు రెండే నామములు పర్యాయముగా రెండువందల సంవత్సరములు సాగును. పత్రమునందు "రామయ్య కుమారుడగు సుబ్బయ్య" అని ఉన్నప్పుడు అతడు ఈ వరుసలో ఏ సుబ్బయ్యయో తెలియదు.

దీనికి సంవత్సరచక్రము తోడైనచో చిక్కు ద్విగుణమగును. పాత తాళపత్రములందును, ఇంటి లెక్కలందును ప్రభవాది నామము మాత్రమే వ్రాసి శకసంఖ్యను వదలివేయుట కలదు. ప్రభవనామ సంవత్సరము 1867లో వచ్చెను, 1927లో వచ్చెను, 1987లో వచ్చెను. అరువది సంవత్సరములనగా రెండు తరములు. సరిగా రెండు తరములకే తాత పేరు మనుమనికి వచ్చును! సంవత్సరనామము అదే, మనుష్యనామము అదే, తండ్రి నామము కూడ అదే యగును. అయినను వ్యక్తులు వేరు. ఈ స్థలమున తాతను మనుమడనియు, మనుమని తాతయనియు తలచి వంశవృక్షములు వ్రాయుట సులభముగా జరుగు ప్రమాదము.

ఈ ప్రమాదము లేకుండ వంశక్రమము స్థిరపడిన ఉదాహరణము తాళ్లపాకవారిది. అన్నమాచార్యుని తాత నారాయణయ్య, తండ్రి నారాయణసూరి. నామసామ్యము ఇచ్చటను కలదు. అన్నమాచార్యుని కుమారుడు పెదతిరుమలాచార్యుడు, ఆయన కుమారుడు చినతిరుమలాచార్యుడు. ఇచ్చటను తిరుమలనామము పునరావృత్తమే. అయినను సందేహమునకు తావు లేదు. కారణమేమన, సాక్ష్యములు మూడు దిక్కులనుండి వచ్చి ఒకచోట కలియుచున్నవి. తిరుమల శాసనములు పెదతిరుమలాచార్యుని అన్నమయ్య కుమారునిగా పేర్కొనుచు ఆయన చేసిన సమర్పణలను నమోదు చేసినవి. మనుమడు చిన్నన్న ద్విపదలో అన్నమాచార్య చరిత్రమును రచించెను. అది ఆ కుటుంబములో పుట్టినవాడు తన తాతను గూర్చి చెప్పిన మాట. మూడవది సంకీర్తన భాండాగారపు రాగిరేకులు. అందు అన్నమాచార్యుడు సంకీర్తనారంభము చేసిన కాలము క్రోధి యని మాత్రమే గాక శకవర్షము 1346 అని సంఖ్యతో సహా నిర్దిష్టమైయున్నది. నిర్యాణకాలము దుందుభి, శక 1424, ఫాల్గుణ బహుళ ద్వాదశి. అనగా 1503. శకసంఖ్య, సంవత్సరనామము, మాసము, తిథి పరస్పరము సంవదించుచున్నందున అరువదేండ్ల భ్రమకు అవకాశమే లేదు.

న్యాయదృష్టి

ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున హేత్వాభాసములను వివరించుచు సవ్యభిచారమును మొదట చెప్పెను. సాధ్యమున్నచోటను, సాధ్యము లేనిచోటను సమానముగా ఉండు హేతువు సాధారణ సవ్యభిచారము. పొగ నిప్పులేనిచోట ఉండదు గనుక సద్ధేతువు. "తెలియదగినది గనుక నిప్పు కలది" యనినచో అది హేతువు కాదు. తెలియదగినతనము సరస్సునందును ఉన్నది గదా.

"ఇతడు మా పూర్వికుడు, మా గోత్రమువాడు గనుక" అను అనుమానము ఈ రెండవ కోవకు చెందినది. గోత్రము పూర్వికునియందు ఉండును, పూర్వికుడు కానివానియందును ఉండును. ఇంటిపేరు అట్టిదే, గ్రామము అట్టిదే, నామము అట్టిదే. ఇవి నాలుగును కలిసినప్పుడు సంభావన బలపడును. కాని "ఫలానావాడు ఫలానావాని కుమారుడు" అను వచనము లేనిదే నిశ్చయము కలుగదు. విపరీతముగా వీనిలో ఒకటి విరుద్ధమైనచో, గోత్రము భిన్నమని తేలినచో, దత్తత వంటి హేతువు లేనంతవరకు ఆ సంబంధము బాధితమగును. ఈ లింగములు నిరాకరించుటలో సమర్థములు, స్థాపించుటలో దుర్బలములు.

వంశవిషయమున ప్రత్యక్షము లేదు గనుక శబ్దమే శరణ్యము. శబ్దము ప్రమాణమగుటకు వక్త ఆప్తుడు కావలెను, అనగా యథార్థమును ఎరిగి యథార్థముగా చెప్పువాడు. ఆధునిక న్యాయస్థానముల పద్ధతియు ఇట్టిదే యగుట విశేషము. 1872 నాటి భారత సాక్ష్యచట్టము మరణించినవాడు బంధుత్వమును గూర్చి చెప్పిన మాటను స్వీకరించుటకు రెండు నియమములు పెట్టెను: వక్తకు ఆ బంధుత్వమును తెలిసికొనుటకు విశేషావకాశము ఉండవలెను, వివాదము పుట్టుటకు పూర్వమే ఆ మాట చెప్పియుండవలెను. అనగా లోభము పుట్టిన పిదప వ్రాసిన వంశావళికన్న, లోభము లేని కాలమున వ్రాసిన ఒక్క పంక్తి విలువైనది. కైఫీయతులను ఈ దృష్టితోనే చదువవలెను. కల్నల్ మెకంజీ కాలమున సంకలితములైన గ్రామచరిత్రలు ఆనాటి తరమును, దాని తాతలను గూర్చి ఆప్తములు. నాలుగైదు శతాబ్దములకు పూర్వపు విషయమున జనశ్రుతి మాత్రమే.

ఆరోహణక్రమము

కావున ప్రసిద్ధపురుషుని పట్టుకొని తనవరకు దిగివచ్చుట అపమార్గము. తననుండి ఆరంభించి ఒక్కొక్క మెట్టు ఎక్కుట సన్మార్గము. తాను, తండ్రి, తాత, ముత్తాత. ప్రతి మెట్టుకు ఒక సాక్ష్యము. సాక్ష్యము లేని మెట్టుపై కాలు మోపరాదు.

ఇంటిలోని వృద్ధులు మొదటి ఆకరము. ఆబ్దికతిథులు, మృతిచెందిన గ్రామము, స్త్రీల పుట్టినింటి పేర్లు వారి నోటనే నిలిచియుండును. ముత్తవ్వ పేరు ముత్తాత పేరుకన్న ముందు మరుగుపడును గనుక దానిని మొదట వ్రాసికొనవలెను. నామసామ్యము గల ఇద్దరు పురుషులను వేరుపరచునది తరచుగా వారి భార్యల పేర్లే. రెండవ ఆకరము తీర్థపురోహితుల బహీలు. హరిద్వారము, గయ, కాశి, ప్రయాగలలో యాత్రికుడు స్వయముగా తన పేరు, తండ్రి తాతల పేర్లు, గ్రామము చెప్పి వ్రాయించినవి గనుక ఇవి ఆప్తవచనములే. సంతకముతో సహా దొరకుటయు కలదు.

మూడవ ఆకరము ఇనాం పత్రములు. మదరాసు ప్రభుత్వము 1858లో ఇనాం కమిషన్‌ను నియమించి అగ్రహారములను, అర్చక, పురోహిత మాన్యములను పరిశీలింపజేసెను. ఆనాటి ఇనాం ఫెయిర్ రిజిస్టరులో దాత, మొదటి గ్రహీత, నాటి అనుభవదారు, అతని వయస్సు, మొదటి గ్రహీతతో అతని బంధుత్వము వేర్వేరు గడులలో కానవచ్చును. వయస్సు, బంధుత్వము రెండును ఉన్నందున తాతామనుమల సంకరము ఇచ్చట తొలగును. ఫసలీ సంవత్సరమునకు 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. ఫసలీ 1270 అనగా 1860–61. అయితే ఇనాం పొందినవాడు దత్తపుత్రుడు కావచ్చును. దత్తుడు గోత్రాంతరము పొందును; అతనికి ధర్మతః పితామహుడు ఒకడు, జన్మతః పితామహుడు మరియొకడు. ఈ భేదమును వంశవృక్షమున స్పష్టముగా వ్రాయవలెను, దాచరాదు.

సముద్రములు దాటినవారి సంతతికి ఈ జిజ్ఞాస మరింత ఆర్తితో కూడినది. 1860 నవంబరు 16న మదరాసునుండి ట్రూరో అను నౌక దక్షిణాఫ్రికాలోని నటాల్ తీరము చేరెను. 1911 వరకు సాగిన ఆ కూలి వలసలలో తెలుగువారెందరో పోయిరి. నౌకాపట్టికలలో ప్రతి వ్యక్తికి ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, తాలూకా, గ్రామము వ్రాయబడినవి. కాని వ్రాసినవాడు తెలుగు నామమును తన చెవికి తోచినట్లు వ్రాసెను. అందువలన నామమునకన్న ఆ సంఖ్యయే ప్రమాణము. ఇంటిలో నిలిచిన పత్రముపై అదే సంఖ్య ఉన్నచో నిర్ణయము కలిగినట్లే. నామము మాత్రమే కలిసినచో సంభావన మాత్రమే.

నిర్ణయము

ఇట్లు పరిశీలించిన పిదప ఫలము మూడు విధములు. ప్రతి మెట్టుకు ఆప్తసాక్ష్యమున్నది నిర్ణీతము. లింగములన్నియు అనుకూలించి ఒక మెట్టు లోపించినది సంభావ్యము. గోత్రమో నామమో మాత్రమే ఆధారమైనది అసిద్ధము. సంభావ్యమును సంభావ్యమని వ్రాసి పెట్టినవాడు తన పౌత్రునికి ఉపకారము చేసినవాడు; దానిని నిర్ణీతమని వ్రాసినవాడు ఆ పౌత్రుని సంకల్పమునందు అసత్యమును నిక్షేపించినవాడు.

నామము తెలియకున్నచో పూర్వికుడు తృప్తి పొందడేమో యను శోకమునకు కారణము లేదు. పేరు తెలియనివారికి, బంధువులు లేనివారికి, ఎవ్వరును ఉదకమీయనివారికి సైతము తర్పణవిధిలో స్థానమున్నది. ఆ అంజలిలోని నీరు నామమెరుగని ముత్తాతలకును చేరును. కావున అజ్ఞాతపురుషుని స్థానమున ప్రఖ్యాతపురుషుని నిలుపవలసిన ఆవశ్యకత లేనేలేదు. అట్లు నిలిపినచో, ఎండలో పొలము దున్నియో, గ్రామదేవాలయమున దీపము వెలిగించియో, ఈ శరీరమునకు కారణమైన ఆ నిజమైన ముత్తాత తన సంతతి నోటనే రెండవసారి మరణించును.

శాసనపురుషుని మహిమను కీర్తించుటకు అతని సంతతి కానక్కరలేదు. నన్నయకు తెలుగు చదువు ప్రతివాడును ఋణపడియున్నాడు. అది ఋషిఋణము, స్వాధ్యాయముతో తీరును. పితృఋణము వేరు. అది తండ్రి పేరు, తల్లి పేరు, వారి తల్లిదండ్రుల పేర్లు సత్యముగా తెలిసికొని, వ్రాసి, తరువాతివారికి అప్పగించుటతో ఆరంభమగును.

స్వస్తి.