మొయినుద్దౌలా గోల్డ్ కప్: ఒక నవాబు పేరు, తొంభై ఏళ్లు దాటిన ఆట

హైదరాబాద్ క్రికెట్‌లో రంజీ ట్రోఫీ కంటే ముందే పుట్టిన టోర్నమెంట్ మొయినుద్దౌలా గోల్డ్ కప్. రంజీ 1934లో మొదలైతే, ఇది 1930లోనే మొదలైంది.

ఎవరీ నవాబు?

మన మహబూబ్‌నగర్‌కు ఆ పేరు వచ్చింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వల్ల. ఆయన దగ్గర ప్రధానిగా పనిచేసిన పాయిగా అమీరు సర్ అస్మాన్ జా. ఆయన కొడుకే నవాబ్ మొయినుద్దౌలా. ఈ బిరుదుకు 'రాజ్యానికి సహాయకుడు' అని అర్థం. నవాబుకు క్రికెట్ అంటే ప్రాణం. అందుకే బంగారు కప్పు పెట్టి దేశంలోని పేరున్న ఆటగాళ్లను సికింద్రాబాద్ జింఖానా మైదానానికి రప్పించారు. విజయనగరం మహారాజ్‌కుమార్ కూడా తన జట్టుతో వచ్చారు. 1934-35లో వెస్టిండీస్ ఆటగాడు లియరీ కాన్‌స్టంటైన్ 'ఫ్రీలూటర్స్' జట్టు తరఫున ఆడారు.

టోర్నీ ఆనవాయితీ

రంజీలో రాష్ట్రాల జట్లు ఆడతాయి. ఇక్కడ అట్ల కాదు. రాజులు, కంపెనీలు, బ్యాంకులు ఎవరి జట్టు వాళ్లు కట్టుకుని వచ్చేవారు. ఒకే జట్టులో టెస్ట్ ఆటగాడి పక్కన ఎవరికీ తెలియని పిల్లగాడు కూడా ఆడేవాడు. తర్వాత తర్వాత ఇది సీజన్‌కు తొలి పెద్ద టోర్నీ అయింది. లాల్ బహదూర్ స్టేడియం, అంటే మన పెద్దలు చెప్పే ఫతే మైదాన్, దీనికి కేంద్రమైంది.

గవాస్కర్ తొలి అడుగు

1966-67లో హైదరాబాద్ సిగరెట్ కంపెనీ వజీర్ సుల్తాన్ టొబాకో తన కోల్ట్స్ జట్టులో 17 ఏళ్ల బొంబాయి కుర్రాడికి చోటిచ్చింది. డుంగర్‌పూర్ జట్టుపై ఆడిన ఆ మ్యాచే సునీల్ గవాస్కర్‌కు మొదటి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్. ఆయన ఇండియాకు ఆడింది ఆ తర్వాత, 1971లో.

హోదా పోయినా

1930-31 నుంచి 1937-38 దాకా, మళ్లీ 1962-63 నుంచి 1973-74 దాకా దీనికి ఫస్ట్‌క్లాస్ హోదా ఉండేది. ఆ తర్వాత అది పోయింది. రికార్డు పుస్తకాల్లో విలువ తగ్గింది, పెద్ద ఆటగాళ్ల రాక కూడా తగ్గింది. కానీ కప్పు మీద నవాబు పేరు అట్లనే ఉంది.

నల్లగొండలోనో పాలమూరులోనో గల్లీ క్రికెట్ ఆడే పిల్లలకు ఈ కథ చెప్పాలె. పేరు రాకముందే ఒకరు నమ్మి అవకాశం ఇస్తేనే ఆటగాడు బయటికొస్తడు. ఈ కప్పు ఎన్నో ఏళ్లు చేసిన పని అదే.