ట్యాంకరు ఖర్చు తగ్గాలంటే ముందు ఏది మార్చాలి?

2024 ఎండాకాలాన్ని బెంగళూరులోని మన తెలుగు కుటుంబాలు మరిచిపోయి ఉండవు. బోర్లు ఎండిపోయి, ట్యాంకర్లవాళ్లు అడిగినంతా ఇచ్చుకున్నాం. చివరికి అధికారులు ఐదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్ల ట్యాంకరుకు 1,000 రూపాయలని ధర కట్టారు. అంటే లీటరు ఎనిమిది పైసల పైచిలుకు. ఉద్యోగమంతా పద్దులు రాసినవాణ్ణి, ఆ లెక్కతోనే చెబుతాను.

అందరూ వాషింగ్ మెషీన్ గురించే అడుగుతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది ఫ్లష్ ట్యాంకు. పాతవాటిలో ఒక్కసారి నొక్కితే పది లీటర్ల దాకా పోతాయి. రెండు బటన్లవాటిలో పెద్దదానికి ఆరు, చిన్నదానికి మూడు. నలుగురున్న ఇంట్లో రోజుకు ఇరవైసార్లు నొక్కితే పాతదానికి 200 లీటర్లు. కొత్తదాంట్లో పెద్దది నాలుగుసార్లు, చిన్నది పదహారుసార్లు అనుకుంటే 72. నెలకు 3,840 లీటర్లు మిగులు, ట్యాంకరు ధరలో 320 రూపాయలు. అయితే కమోడ్ కూడా ఆ కొలతకు తగ్గదై ఉండాలి. శుభ్రం కాక రెండోసారి నొక్కితే మిగిలేదేమీ లేదు. ఇప్పుడే మార్చలేనివాళ్లు లీటరు సీసాలో నీళ్లు నింపి, మూత బిగించి, ఫ్లోటుకు తగలకుండా పాత ట్యాంకులో పెట్టి చూడండి.

తర్వాతది కొళాయి మూతికి బిగించే ఏరేటర్. అపార్ట్‌మెంట్లు, హోటళ్లలో దీన్ని 2024లోనే తప్పనిసరి చేశారు. వంటింట్లో, వాష్‌బేసిన్‌కు పెట్టించండి. బకెట్ నింపే కొళాయికి దండగ, నిండటం ఆలస్యమవుతుందంతే. బోరునీళ్లకు ఉప్పు పేరుకుంటుంది, అప్పుడప్పుడు విప్పి నిమ్మరసంలో నానబెట్టాలి. అద్దె ఇల్లయితే ఖాళీ చేసేటప్పుడు విప్పి తీసుకుపోవచ్చు.

వాషింగ్ మెషీన్‌లో ముందు తలుపున్నది ఒక ఉతుకుకు సుమారు 50, 60 లీటర్లతో సరిపెడుతుంది, పైమూతది దాదాపు రెండింతలు తాగుతుంది. కానీ ఖరీదు ఎక్కువ. పాతది పాడైనప్పుడు మార్చుకుంటే చాలు, అందాకా డ్రమ్ము నిండాకే వెయ్యండి.

ఆర్వో ఫిల్టరు లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. నీళ్ల టీడీఎస్ 500 లోపుంటే ఆర్వో అవసరం సాధారణంగా ఉండదు, యూవీ చాలు. కావేరి నీళ్లు వచ్చే ఇళ్లవాళ్లు కొనేముందు కొలిపించుకోండి. ఆర్వో వదిలిన నీళ్లు నేల తుడవడానికి పనికొస్తాయి. మేము కరివేపాకు కుండీకి రోజూ అవే పోసి ఆకుల అంచులు మాడ్చుకున్నాం.

ఏదైనా కొనేముందు రాత్రి ఫ్లష్ ట్యాంకులో చెంచాడు పసుపు కలపండి. అరగంట నొక్కకుండా ఉంచాక కమోడ్‌లో పసుపు రంగు కనిపిస్తే లోపలి వాషరు కారుతున్నట్టే. ముందు దాన్ని మార్పించండి.