చేపల తొట్టికి వేసవి గండం

ఈపురుపాలెం నేటి బాపట్ల జిల్లాలో చీరాలను ఆనుకొని, సముద్రానికి సమీపంలో ఉన్న చేనేత గ్రామం. రోళ్ళు పగులుతాయని చెప్పుకొనే రోహిణీ కార్తెలో అక్కడ పగలు ఎండ, రాత్రి ఉక్క. అటువంటి ఊరిలో ఒక ఇంటి వసారాలో గాజు తొట్టి ఒకటి, అందులో నాలుగు బంగారు చేపలు ఉన్నాయనుకొందాము. ఒకనాటి తెల్లవారుజామున ఆ ఇంటి పిల్లవాడు లేచి చూచేసరికి చేపలన్నీ నీటి పైభాగానికి చేరి, నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉంటాయి. ఆకలి వేస్తున్నదనుకొని వాడు మరికొంత మేత చల్లుతాడు. మధ్యాహ్నానికి ఒక చేప వెల్లకిలా తేలుతుంది.

పిల్లవాడు జాలితోనే మేత వేశాడు. కాని చేపలు అడిగినది మేత కాదు, ఊపిరి. ఈ రెంటికీ గల భేదాన్ని తెలుసుకొనడానికి మానవుడికి చాలాకాలమే పట్టినది.

చేప నీటిలో కరిగి ఉన్న ఆమ్లజనిని మొప్పల ద్వారా పీల్చుకొంటుంది. చక్కెర వేడినీటిలో ఎక్కువగా కరుగుతుంది గదా! వాయువుల సంగతి ఇందుకు విరుద్ధం. నీరు వేడెక్కిన కొద్దీ వాటిలో వాయువు తక్కువగా ఇముడుతుంది. గాలి బాగా సోకే మంచినీటిలో 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆమ్లజని ఇముడుతుంది. 30 డిగ్రీల వద్ద అది 7.6కు, 35 డిగ్రీల వద్ద దాదాపు 7కు దిగిపోతుంది. ఇది ఒక చిక్కు. చేప శరీరానికి స్వంత వేడి లేదు. నీటి వేడియే దాని వేడి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే దాని శరీరంలోని రసాయనిక చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. అంటే ఆమ్లజని అవసరం కూడా పెరుగుతుంది. ఇది రెండవ చిక్కు. ఆదాయం తగ్గుతూ ఖర్చు పెరిగే సంసారం వంటిది వేసవిలో చేప బ్రతుకు. పైగా తినగా మిగిలిన మేత కుళ్ళితే, ఆ కుళ్ళును కలిగించే సూక్ష్మజీవులు కూడా అదే ఆమ్లజనిని పంచుకొంటాయి. పిల్లవాడు వేసిన మేత చేసిన అపకారం ఇదే.

చేపలను అలంకారంగా పెంచే విద్యలో చైనావారు మనకందరికీ పూర్వులు. సుంగ్ వంశపు రాజుల కాలానికే, అంటే 960–1279 సంవత్సరాల మధ్యనే, అక్కడ బంగారు చేపల పెంపకం ఉన్నది. వారు ఆ చేపలను వెడల్పయిన మట్టి తొట్లలోను, పింగాణీ తొట్లలోను ఉంచి పైనుండి చూచి ఆనందించేవారు. ఈ తొట్ల గోడలగుండా ఎండ లోపలికి చొరబడదు. మూతి వెడల్పు గనుక నీటికి గాలి బాగా తగులుతుంది.

గాజు తొట్టి వచ్చిన తరువాత చేపను ప్రక్కనుండి చూడగలిగాము. ఇంగ్లండులో 1845లో గాజుపై పన్ను రద్దు కావడంతో గాజు పలకలు చౌక అయినవి. లండన్ రసాయనికుడు రాబర్టు వారింగ్టను 1850లో తన ప్రయోగాన్ని ప్రకటించినాడు. ఒక తొట్టిలో బంగారు చేపలు, వాలిస్నేరియా అనే నీటిమొక్క, కుళ్ళిన ఆకులను తినివేసే నత్తలు కలిపి ఉంచితే నీరు మార్చనవసరం లేకుండానే అవి బ్రతికినవి. మొక్కలు వెలుతురులో ఆమ్లజనిని విడుస్తాయని ఇన్‌గెన్‌హౌస్ 1779లోనే చెప్పి ఉన్నాడు. వారింగ్టను ఆ సూత్రాన్ని తొట్టిలో నిలబెట్టినాడు.

అయితే వెలుతురు ఉంటేనే మొక్క ఆమ్లజనిని ఇస్తుంది. చీకటిలో అదికూడా చేపవలెనే పీల్చుకొంటుంది. కనుకనే తొట్టికి అన్నిటికంటె గడ్డుకాలం నడి మధ్యాహ్నం కాదు, తెల్లవారుజాము. పోనీ అని వెలుతురు కోసం తొట్టిని కిటికీ వద్ద పెడితే, వెలుతురుతోపాటు వేడి కూడా వస్తుంది. గాజు తొట్టి పుట్టుకతోనే ఈ వైరుధ్యం కూడా పుట్టినది.

దీనికి పెద్ద ఎత్తున జవాబు వెదకినవాడు విలియం ఆల్‌ఫర్డ్ లాయిడ్. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో తెరచిన జలచరశాలలో ప్రజలు చూచే తొట్లలోని నీటికంటె ఎన్నో రెట్లు నీటిని ఆయన నేల అడుగున చీకటి జలాశయంలో ఉంచినాడు. ఆ నీరు ఎడతెగక పైకి వచ్చి, తొట్లగుండా ప్రవహించి, మరల క్రిందికి చేరేది. నేల క్రింది నీరు త్వరగా వేడెక్కదు. ప్రవహించే నీరు దారిలో గాలిని కలుపుకొంటుంది.

ఇది చదివిన ఈపురుపాలెం విద్యార్థికి తమ ఊరి గుంట మగ్గం జ్ఞప్తికి రావలెను. నేతగాడు కాళ్ళు గుంటలో పెట్టి కూర్చుంటాడు. నేలకు దగ్గరగా ఉన్న తేమ, చల్లదనం పడుగు పోగులు పెళుసెక్కి తెగిపోకుండా కాపాడతాయి. నేల తన వేడిని నెమ్మదిగా మార్చుకొంటుందనే సత్యాన్ని లాయిడ్ జలాశయంలో వినియోగించినాడు. మన నేతగాడు మగ్గం క్రింద వినియోగించినాడు.

చల్లనినీటి చేపలను వేడిదేశానికి తేవాలనుకొన్నవారి అనుభవం మరొక పాఠం. భారతదేశపు మత్స్యాలపై గొప్ప గ్రంథం రచించిన ఫ్రాన్సిస్ డే 1863లో ట్రౌట్ చేపలను నీలగిరులకు చేర్చడానికి చేసిన ప్రయత్నం విఫలమయినది. మరుసటి సంవత్సరం, 1864లో, నార్‌ఫోక్ అనే ఓడలో నాచుమధ్య పేర్చి మంచుగడ్డల నడుమ భద్రపరచిన చేపగుడ్లు ఇంగ్లండు నుండి ఆస్ట్రేలియాకు సజీవంగా చేరినవి. అక్కడ గెలిచినది మంచు మాత్రమే కాదు, నెలల తరబడి మారని చల్లదనపు నిలకడ. నీలగిరులలో ట్రౌట్ స్థిరపడినది ఇరవయ్యవ శతాబ్దిలోనే.

1909లో మద్రాసు మెరీనా తీరాన జలచరశాల వెలసినది. అప్పుడు మన కోస్తా జిల్లాలు కూడా ఆ రాజధానిలోనివే. వెచ్చని సముద్రపు చేపలు వెచ్చని నీటిలోనే సుఖంగా ఉంటాయి. మన కొరమేను నీటిలో ఆమ్లజని తగ్గితే పైకి వచ్చి నేరుగా గాలినే పీల్చగలదు. గౌరామి జాతి చేపలకు కూడా ఆ శక్తి ఉన్నది. బంగారు చేప చల్లని నీటి కార్పు వంశానిది. వేసవి దానికే కష్టం. చేపను కొనడానికి ముందే మన వేసవిని తలచుకొనవలెనని దీని భావం.

ఇప్పుడు మన వసారాలోని తొట్టి దగ్గరకు తిరిగి వద్దాము. కుండలోని నీరు ఎందుకు చల్లబడుతుంది? సన్నని రంధ్రాలగుండా చెమర్చిన నీరు ఆవిరి అవుతూ లోపలి వేడిని తీసుకొనిపోతుంది. 30 డిగ్రీల వద్ద ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీలు కావలెను. 40 లీటర్ల తొట్టి ఒక డిగ్రీ చల్లబడాలంటే 40,000 కేలరీలు పోవలెను. ఆ వేడి అంతా నీటినుండే పోయినదనుకొంటే, 70 గ్రాముల నీరు ఆవిరి అయితే చాలును! తొట్టి మూత తీసి వల కప్పి, నీటి పైభాగం మీదుగా చిన్న విద్యుత్ పంకా గాలి తగిలేటట్లు చేయడంలోని రహస్యమిదే. అయితే సముద్రతీరపు గాలిలో తేమ ఎక్కువ గనుక ఆవిరి నెమ్మదిగా అవుతుంది. అదే పంకా కర్నూలు పొడి ఎండలో ఇచ్చినంత చల్లదనం ఈపురుపాలెంలో ఇవ్వదు. ఆవిరి నీటినే కొనిపోతుంది, లవణాలను వదలివేస్తుంది. కాబట్టి ఉప్పదనం గల బావినీరు వాడేవారు తగ్గిన నీరు నింపడమే కాక, అప్పుడప్పుడు కొంత పాతనీరు తీసి మంచినీరు పోయవలెను.

మంచు సంగతి కూడా లెక్క చూడండి. 34 డిగ్రీలున్న 40 లీటర్ల నీటిలో ఒక కిలో మంచు కరిగితే అది సుమారు 31 డిగ్రీలకు దిగుతుంది. ఒక్కసారిగా మూడు డిగ్రీలు పడిపోవడం చేపకు మేలుకాదు. నీరు గడ్డకట్టించిన చిన్న సీసాను బిగించి తేలవేసి, ఉష్ణమాపకం చూస్తూ మధ్యమధ్య తీస్తూ ఉండవలెను. తొట్టిని పడమటి ఎండ సోకని చోట, వీలయితే నేలకు దగ్గరగా పెట్టవలెను. రాత్రిపూట గాలిబుడగల యంత్రం ఆపరాదు. మేత సగానికి తగ్గించవలెను. వేసవి సెలవులలో పాఠశాల మూసినపుడు తరగతి గదిలోని తొట్టిని ఎవరి ఇంటికి చేర్చాలో ఉపాధ్యాయులు ముందుగానే నిర్ణయించడం అన్నిటికంటె ముఖ్యం.

ఈ జిల్లా తీరంలోని రొయ్యల చెరువులలో రాత్రివేళ చక్రాలు నీటిని చిమ్ముతూ తిరగడం మీరు చూచే ఉంటారు. అక్కడ పెట్టుబడి లక్షలు, ఇక్కడ నాలుగు బంగారు చేపలు. భయం మాత్రం ఒక్కటే, తెల్లవారుజామున తగ్గే ఆమ్లజని. విద్యార్థులు ఒక ఉష్ణమాపకాన్ని తొట్టిలోను, మరొకదానిని ప్రక్కనే మట్టికుండలోను ఉంచి, ఒక వారం పాటు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వ్రాసిపెట్టుకొన్నట్లయితే ఈ చరిత్ర అంతా అంకెలలో వారి ఎదుట నిలుస్తుంది. ఆపైన చేపలు నోరు తెరచినపుడు వాటికి మేత కావలెనో, గాలి కావలెనో వారికి వేరొకరు చెప్పనక్కరలేదు.