జ్ఞానస్నానం పొందని వారి రక్షణ: కాథలిక్ చర్చ

నీటితో జ్ఞానస్నానం పొందకుండానే చనిపోయిన మనిషికి రక్షణ ఉందా లేదా అన్నది కాథలిక్ వేదాంతంలో మూడో శతాబ్దం నుంచీ నలుగుతున్న ప్రశ్న. కాథలిక్ శ్రీసభ అధికారిక జవాబు రెండు మాటల్లో ఉంటుంది. రక్షణకు జ్ఞానస్నానం అవసరం. అయితే ఆ సంస్కారాన్ని ఏర్పరచిన దేవుడు మాత్రం దానికి కట్టుబడి లేడు. 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం 1257వ పేరా ఈ రెండింటినీ ఒకేచోట పెట్టింది. వాదమంతా ఈ రెండు మాటల్లో దేన్ని ఎంత గట్టిగా పట్టుకోవాలన్న దగ్గరే వస్తుంది.

నీరు అందని సందర్భాలకు సంప్రదాయం రెండు మార్గాలు చెబుతుంది. క్రీస్తు కోసం ప్రాణం ఇచ్చినవారిది రక్త జ్ఞానస్నానం. పొందాలని కోరుకుంటూ పొందకముందే పోయినవారిది ఆశ జ్ఞానస్నానం. ఇవి సంస్కారాలు కావు, సంస్కార ఫలాన్ని మాత్రం ఇస్తాయి. అందుకే జబ్బు నుంచి కోలుకున్న జ్ఞానస్నానార్థికి తర్వాత నీళ్లు పోయక తప్పదు.

కాకినాడ జిల్లాలో, తాండవ నది ఒడ్డునున్న తునిలో ఈ ప్రశ్న అడిగితే జవాబు అడిగిన గుమ్మాన్ని బట్టి మారుతుంది. కెనడా బాప్టిస్టు మిషన్ 1878లో ఇక్కడ స్టేషను పెట్టింది. వాళ్ల బోధ ప్రకారం ముందు విశ్వాసం, ఆ తర్వాత ముంచి ఇచ్చే బాప్తిస్మం. అది సాక్ష్యం, విధేయత. రక్షించేది అది కాదు. పసిపిల్లలకు ఇవ్వరు. కాథలిక్కులకు అది జన్మపాపాన్ని కడిగే సంస్కారం, కాబట్టి బిడ్డ పుట్టిన మొదటి వారాల్లోనే ఇప్పించమని శ్రీసభ చట్టం తల్లిదండ్రులకు చెబుతుంది. ఇక్కడో విచిత్రం ఉంది. నీళ్లు లేకపోయినా రక్షణ ఆగదనే బాప్టిస్టులకు ఈ అంశంపై ప్రత్యేక సిద్ధాంతం అక్కర్లేకపోయింది. నీళ్లు కావాల్సిందేనన్న శ్రీసభే, నీళ్లు అందనివారి కోసం తరతరాలుగా తల పట్టుకోవాల్సి వచ్చింది. పైగా బాప్టిస్టులు త్రిత్వ నామంలో ఇచ్చిన స్నానాన్ని శ్రీసభ చెల్లుబాటుగానే గుర్తిస్తుంది. వాళ్లలోంచి కాథలిక్ అయినవారికి మళ్లీ ఇవ్వదు.

వాదానికి మూలాలు సువార్తల్లోనే ఉన్నాయి. నీటి వలన, ఆత్మ వలన పుట్టాలన్న మాట యోహాను మూడో అధ్యాయంలో ఉంది. సిలువ మీద పక్కనున్న దొంగకు పరదైసు దొరికిన సంగతి లూకాలో ఉంది. శ్రీసభకు వెలుపల రక్షణ లేదన్న సూత్రం మూడో శతాబ్దంలో కార్తేజి పీఠాధిపతి సిప్రియాన్ నుంచి వచ్చింది. 392లో రోమను యువ చక్రవర్తి రెండో వాలెంటీనియన్ గాల్‌లో చనిపోయాడు. జ్ఞానస్నానం ఇమ్మని మిలాను పీఠాధిపతి అంబ్రోసును పిలిపించుకున్నాడు గానీ, ఆయన చేరేలోపే ప్రాణం పోయింది. అంత్యక్రియల ప్రసంగంలో అంబ్రోసు, అడిగినవాడికి అడిగింది దక్కిందని బంధువులను ఓదార్చాడు. ఆశ జ్ఞానస్నానానికి తొలి ఆధారంగా చూపేది ఈ ప్రసంగాన్నే. అగస్టీను పెద్దవాళ్ల విషయంలో ఈ దారి ఒప్పుకున్నా, పసిపిల్లల విషయంలో కఠినంగానే ఉన్నాడు.

1206లో మూడో ఇన్నోసెంట్ పోపు ముందుకు వచ్చిన సంగతి మరింత ఆసక్తికరం. చావు బతుకుల్లో ఉన్న ఒక యూదుడు తన చేత్తోనే తాను నీళ్లలో మునిగి, జ్ఞానస్నానం పలుకులు తానే పలికాడు. అది చెల్లదనీ, ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకరే కాకూడదనీ పోపు తేల్చాడు. అప్పుడే చనిపోయి ఉంటే మాత్రం తిన్నగా పరలోకానికే వెళ్లేవాడని అదే జాబులో రాశాడు. సంస్కారం చెల్లకపోయినా మనిషి రక్షణ పొందవచ్చన్న మాట ఇంత సూటిగా కనబడటం అరుదు. 1547లో ట్రెంట్ మహాసభ, స్నానం గానీ దాని ఆశ గానీ లేకుండా నీతిమంతుడు కాలేడని నిర్ణయించడంతో ఆశ అధికార గ్రంథంలోకి ఎక్కింది.

తర్వాత ప్రశ్న పెద్దదైంది. క్రీస్తు పేరే వినని తాతముత్తాతల మాటేమిటి? జపానులో కొత్త విశ్వాసులు తమ పూర్వీకుల గతి తలచుకుని ఏడ్చారని మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ 1552లో రాశాడు. ఆయన దగ్గర వాళ్లకు ఊరట కలిగించే జవాబు లేదు. మొదటి తరంలో మతం మారిన ఏ ఇంట్లోనైనా పుట్టే ప్రశ్నే ఇది, మన పల్లెలకూ కొత్త కాదు. తన తప్పు లేకుండా తెలియనివారు శాశ్వత శిక్షకు గురికారని 1863లో తొమ్మిదో పయస్ పోపు స్పష్టం చేశాడు.

ఇరవయ్యో శతాబ్దపు గొడవ అమెరికాలోని బోస్టన్‌లో రేగింది. జెస్విట్ గురువు లియోనార్డ్ ఫీనీ నీళ్లు లేనిదే ఎవరూ పరలోకానికి చేరరన్నాడు. ఆశతో నీతిమంతుడు కావచ్చు గానీ రక్షణకు అది చాలదని 1952లో పుస్తకమే రాశాడు. అంతకుముందే, 1949 ఆగస్టు 8న, రోములో సిద్ధాంత వ్యవహారాలు చూసే పవిత్ర కార్యాలయం బోస్టన్ అగ్రపీఠాధిపతికి జాబు పంపింది. శ్రీసభలో చేరాలన్న కోరిక పైకి తెలియకపోయినా, మనసులో అంతర్లీనంగా ఉన్నా చాలని, అయితే దానికి పరిపూర్ణ ప్రేమ, దేవుడిచ్చే విశ్వాసం తోడుండాలని అందులో ఉంది. 1953లో ఫీనీని వెలివేశారు. కారణంగా చూపింది రోముకు రమ్మంటే రాకపోవడాన్ని, సిద్ధాంతాన్ని కాదు. 1972లో, తన వాదం వెనక్కి తీసుకోమని అడగకుండానే, మళ్లీ కలుపుకున్నారు. ఆయన అనుచరులు దీన్నే నేటికీ తమ బలంగా చెప్పుకుంటారు. 1964 నవంబరు 21న రెండో వాటికన్ మహాసభ ఆమోదించిన శ్రీసభను గురించిన సిద్ధాంత పత్రం 16వ అంశం మాత్రం 1949 నాటి జాబునే ఆధారంగా తీసుకుంది.

పసిపిల్లల సంగతి ఇంకా తెగలేదు. మధ్యయుగాల పండితులు వాళ్ల కోసం బాధా లేని, దేవుని దర్శనమూ లేని లింబో అనే స్థితిని ఊహించారు. 2007లో అంతర్జాతీయ వేదాంత సంఘం, ఆ పిల్లలు రక్షణ పొందుతారని ఆశించడానికి గట్టి ఆధారాలున్నాయంది. లింబోను కొట్టిపారేయలేదు, అది తప్పనిసరి సిద్ధాంతం కాదని పక్కకు జరిపింది. ఆచరణలో మాత్రం తొందర తగ్గలేదు. ప్రాణాపాయంలో గురువు అక్కర్లేదు, ఇచ్చేవారు క్రైస్తవులు కావాల్సిన పనీ లేదు. పురిటి గదిలో హిందూ నర్సు అయినా, శ్రీసభ ఇచ్చే సంస్కారమే ఇవ్వాలన్న ఉద్దేశంతో, బిడ్డ తలమీద నీళ్లు పోస్తూ పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున జ్ఞానస్నానం ఇస్తున్నానని పలికితే ఆ స్నానం చెల్లుతుంది.

ఈ సిద్ధాంతాలన్నీ చావు అడ్డొచ్చినవారి కోసం, లేదా తెలియనివారి కోసం పుట్టినవి. తెలిసి, నమ్మి, నీళ్లు వద్దన్నవారి సంగతి వేరు. తెలుగునాట దీనికి పేరున్న ఉదాహరణ కాథలిక్కు కాని కలగర సుబ్బారావు. మునిపల్లెకు చెందిన ఈయన 1942లో తనకు క్రీస్తు దర్శనం అయిందన్నాడు. క్రీస్తును గురువుగా చేసుకుని పాటలు కట్టాడు, రోగుల కోసం ప్రార్థించాడు. సంఘాన్నీ బాప్తిస్మాన్నీ మాత్రం నిర్మొహమాటంగా తోసిపుచ్చాడు. ఆయన చుట్టూ చేరిన హిందూ భక్తుల మీద డేనిష్ వేదాంతి కాయ్ బాగో 1968లో గ్రంథం ప్రచురించాడు. ట్రెంట్ చెప్పిన ఆశ ఇలాంటివారికి వర్తించడం కష్టం. శ్రీసభ అవసరమని తెలిసీ చేరనివారికి రక్షణ లేదని వాటికన్ మహాసభ కూడా అంటుంది. తెలియడం అంటే బోధ వినడమా, మనసుకు నిజంగా పట్టడమా అన్న దగ్గర వేదాంతులు విడిపోతారు. రెండోదే న్యాయంగా కనిపిస్తుంది.

వద్దనకుండా వాయిదా వేసేవారు ఎక్కువ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డు కులాల హోదా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని బీసీ-సీ కింద చేర్చి ఒక్క శాతం రిజర్వేషను ఇస్తున్నారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో షెడ్యూల్డు కులాల హోదా నిరాకరిస్తూ, జ్ఞానస్నానం పొందిన విషయాన్ని సాక్ష్యాల్లో ఒకటిగా తీసుకుంది. గుడికి వస్తూ, జపమాల చెబుతూ, పిల్లలకు ఉద్యోగం వచ్చేదాకా ఆగుదామనుకునే మనిషిది ఆశే. అడ్డు మాత్రం చావు కాదు, సర్టిఫికెట్టు. ఈ రకపు వాయిదాను ట్రెంట్ పెద్దలు ఊహించి ఉండరు. అలాంటి మనిషి కనీసం జ్ఞానస్నానార్థిగా పేరు నమోదు చేయించుకుని ఉంటే, 1983 శ్రీసభ చట్టంలోని 1183వ సూత్రం ప్రకారం అంత్యక్రియల విషయంలో విశ్వాసులతో సమానం. జ్ఞానస్నానం ఇప్పించాలనుకున్న తల్లిదండ్రుల బిడ్డ అది అందకముందే చనిపోతే, పీఠాధిపతి అనుమతితో అదే గౌరవం ఇవ్వవచ్చు.