మేనమామ రబ్బరు గొట్టం

1874లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే విల్‌హెల్మ్ హిస్, రబ్బరు గొట్టాన్ని వంచి చూపిస్తూ, పిండంలో మెదడుకు తొలి వంపులు ఇలాగే పడతాయని వాదించాడు. కోడి పిండాలను పలచని పొరలుగా కోసి ఏళ్ల తరబడి పరిశీలించిన మనిషి ఆయన. కణజాలం ఒకచోట వేగంగా, పక్కన నెమ్మదిగా పెరిగితే ఆ ఒత్తిడికి మడత పడక తప్పదన్నాడు. జీవశాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ హేకెల్ దీన్ని ఎగతాళి చేశాడు. పిండం తన జాతి పరిణామ గాథను పునరావృతం చేస్తుందనీ, రూపానికి వారసత్వమే చాలిన కారణమనీ హేకెల్ నమ్మకం. పాఠకలోకం హేకెల్ వెంటే వెళ్లింది. ఇంకో విశేషముంది. ఆ తర్వాత డీఎన్‌ఏగా పేరుపడిన పదార్థాన్ని 1869లో మొదటిసారి వేరుచేసిన ఫ్రెడ్రిక్ మీషర్, హిస్‌కు స్వయానా మేనల్లుడు. ఇరవయ్యో శతాబ్దపు జీవశాస్త్రం మేనల్లుడి దారిలోనే సాగింది.

హిస్ వాదానికి గట్టి అభ్యంతరమే ఉంది. రబ్బరు పిండంలా వంగినంత మాత్రాన, పిండం కూడా రబ్బరులాగే వంగుతోందని రుజువైనట్టా? కాదు. పిండంలోనే ఆ బలాన్ని కొలవాలి, దాన్ని తీసేస్తే ఏమవుతుందో చూడాలి. హార్వర్డ్‌లో ఎల్. మహదేవన్, క్లిఫర్డ్ టాబిన్ బృందం 2011లో ఆ పని చేసింది. కోడి పిండంలో పేగును ఒక పలచని పొర వెన్నువైపు పట్టి ఉంచుతుంది. పేగు పెరిగినంత వేగంగా పొర పెరగదు. సాగదీసిన ఎలాస్టిక్‌ను బట్టకు కుట్టి వదిలితే కుచ్చిళ్లు పడ్డట్టు, పేగు చుట్లు తిరుగుతుంది. పొర నుంచి విడదీస్తే పేగు మళ్లీ తిన్నని గొట్టమైంది, పొర ముడుచుకుపోయింది. మందం, బిగువు, పెరుగుదలలో తేడా కొలిచి లెక్క కడితే, కోడి, కౌజుపిట్ట, జీబ్రా ఫించ్, చిట్టెలుక నాలుగింటిలోనూ చుట్ల సంఖ్య, పరిమాణం ఆ లెక్కకు సరిపోయాయి. సాగదీసిన రబ్బరు పొరకు కుట్టిన రబ్బరు గొట్టం కూడా అలాగే చుట్టుకుంది. హిస్ వాడిన వస్తువే, 137 ఏళ్ల తర్వాత!

మరి జన్యువులకు పనే లేదా? చాలా ఉంది. పొర ఎంత బిగువుగా ఉండాలి, పేగు ఎంత వేగంగా పెరగాలి అన్నది వాటిమీదే ఆధారపడి ఉంటుంది. బీఎంపీ అనే సంకేత ప్రొటీన్ ప్రభావాన్ని మారిస్తే చుట్ల తీరే మారుతుందని 2017లో తేలింది. కౌజుపిట్ట పేగు కోడి పేగులా ఉండకపోవడానికి మూలం వారసత్వమే. ఆ మేరకు హేకెల్ పట్టుదలలో న్యాయముంది. అయితే ఒక్కో మలుపునూ విడిగా రాసిపెట్టిన జన్యువు అక్కర్లేదు. గొట్టమూ పొరా కలిసి పెరుగుతుంటే చుట్లు వాటంతటవే ఏర్పడతాయి. డీఎన్‌ఏ అంటే శరీరానికి ముందే గీసిన నమూనా అని పిల్లలకు చెప్పడం సగం నిజమే చెప్పడం. పిండాల అధ్యాయంలో హేకెల్‌కు చోటిచ్చే పాఠ్యపుస్తకాలు హిస్‌కూ ఒక పేజీ ఇవ్వాలి.