వింత నక్షత్రమా? అయస్కాంతమా?

ప్రొడక్షన్ సర్వర్ లాగ్‌లో సెకనుకి వంద ఎంట్రీలు వచ్చేచోట హఠాత్తుగా రెండు లక్షలు వస్తే మనం మొదట లాగర్నే అనుమానిస్తాం కదా! 1979 మార్చి 5న సోవియట్ నౌకలు వెనెరా 11, 12 లలోని గామా కిరణాల డిటెక్టర్లకి జరిగింది ఇదే. సెకనుకి 100 ఉన్న లెక్క ఒక్క మిల్లీసెకనులో 2 లక్షలు దాటింది. మరికొన్ని నౌకలు కూడా అదే చూశాయి కాబట్టి పరికరాల తప్పు కాదు.

ఏ నౌకకి ఎప్పుడు చేరిందో చూసి దిక్కు లెక్కగట్టారు. పెద్ద మాగెల్లాన్ మేఘంలో, సుమారు 1,60,000 కాంతి సంవత్సరాల దూరంలో, పేలిపోయిన నక్షత్రపు శిథిలం ఎన్49 వైపు చూపించింది. తొలి మెరుపు తర్వాత వెలుగు 8 సెకన్లకోసారి పెరిగి తగ్గుతూ మూడు నిమిషాలు సాగింది. అంటే తిరుగుతున్న న్యూట్రాన్ నక్షత్రం అన్నమాట.

చిక్కేమిటంటే, కాంతికీ తోసే బలం ఉంది. ఒక హద్దు దాటితే నక్షత్రం పైపొరని అదే ఊదేస్తుంది. ఈ మెరుపు ఆ హద్దుకి లక్షల రెట్లు ఎక్కువ!

1986లో ఆల్కాక్, ఫార్హి, ఒలింటో ఒక సమాధానం చెప్పారు: ఇది స్ట్రేంజ్ క్వార్కుల నక్షత్రం. దాని ఉపరితలాన్ని పట్టి ఉంచేది గురుత్వాకర్షణ కాదు, కేంద్రక బలం. కాబట్టి ఆ హద్దు దానికి వర్తించదు. చక్కటి ఆలోచన.

1992లో డంకన్, థాంప్సన్ ఇంకోటి చెప్పారు: మామూలు న్యూట్రాన్ నక్షత్రమే, కాకపోతే అయస్కాంత క్షేత్రం భూమి కన్నా కొన్ని వందల లక్షల కోట్ల రెట్లు. అంత క్షేత్రంలో కాంతి పదార్థాన్ని పెద్దగా తోయకుండా జారిపోతుంది. పేరు మాగ్నెటార్.

నిజానికి రెండూ వింతే, రెండూ ఆ మెరుపుని వివరిస్తాయి. తేడా ఒక్కటే. రెండోది నిజమైతే నక్షత్రం వేగంగా నెమ్మదించాలి. అది కొలవొచ్చు. 1998లో కువెలియోటు బృందం ఇలాంటిదే మరో నక్షత్రం, ఎస్‌జీఆర్ 1806-20 ని కొలిచింది. 7.5 సెకన్ల భ్రమణకాలం ఏడాదికి 2.6 మిల్లీసెకన్లు పెరుగుతోంది. లెక్క సరిపోయింది. క్వార్కు నక్షత్రం ఒక్కటి కూడా ఇప్పటిదాకా రుజువు కాలేదు, లేవనీ తేలలేదు.

నా ఉద్దేశంలో ఇది మన రూట్ కాజ్ మీటింగులకీ వర్తిస్తుంది. జరిగినదాన్ని వివరించే కథలు బోలెడు పుడతాయి. "ఇది నిజమైతే రేపు ఫలానాచోట ఫలానా అంకె కనిపించాలి" అని చెప్పగలిగినదాన్నే ముందు పట్టుకోవాలి. మీరేమంటారు?