అత్తింటికి పోయే పిల్లకు ఇల్లెందుకు?

పుట్టింటి ఆస్తి మాట ఎత్తగానే "అత్తవారింటికి పోయే పిల్లకి ఇక్కడ ఇల్లెందుకమ్మా!" అనే పెద్దలు మన ఊళ్లలోనే ఉన్నారనుకునేదాన్ని. హాంకాంగ్ కథ చదివాక తెలిసింది, ఆ మాటకు సముద్రాలు అడ్డం కావని.

స్త్రీల పట్ల వివక్షను రూపుమాపాలంటూ ఐక్యరాజ్య సమితి 1979లో ఒక ఒడంబడిక చేసింది. బ్రిటన్ దాన్ని 1986లో ఆమోదించింది. దొరలు సంతకం పెడితే వాళ్ల ఏలుబడిలోని హాంకాంగుకీ వర్తిస్తుంది కదా అనుకుంటాం. ఊహూఁ! తన కింది దీవులు కొన్నిటికి అప్పుడే వర్తింపజేసిన బ్రిటన్, హాంకాంగును మాత్రం పక్కన పెట్టింది. అక్కడి ఆడవాళ్లకు ఆ భాగ్యం దక్కింది 1996 అక్టోబరు 14న. మరుసటి జూలై 1న ఆ నగరం చైనా చేతికి వెళ్లిపోయింది. తట్టా బుట్టా సర్దుకునే వేళ గుర్తొచ్చిన పసుపు కుంకుమ అన్నమాట!

పోనీ, ఇచ్చిందైనా నిండుగా ఇచ్చారా? హాంకాంగులో న్యూ టెరిటరీస్ అనే ప్రాంతం ఉంది. 1898లో చైనా నుంచి 99 ఏళ్ల కౌలుకు తీసుకున్నది. అక్కడి పల్లెల్లో తండ్రి వీలునామా రాయకుండా పోతే, పాత ఆచారం ప్రకారం భూమి కొడుకులకే. ఆడవాళ్లు ఊరుకోలేదు. శాసనసభ ముందు నిలబడి అడిగారు. ఆచారం మంటగలుస్తోందని పల్లె పెద్దలు గగ్గోలు పెట్టారు. చివరికి 1994లో చట్టం మారి, కూతురికీ వారసత్వం వచ్చింది.

కాని 1972 నాటి ఏర్పాటు ఒకటి మిగిలిపోయింది. 1898 నాటి పల్లె కుటుంబాల్లో మగ సంతతికి పుట్టిన మగవాడికి పద్దెనిమిదేళ్లు నిండితే, జన్మలో ఒకసారి మూడంతస్తుల చిన్న ఇల్లు కట్టుకోవడానికి అనుమతి అడగవచ్చు. వాడి తోడబుట్టినదానికి ఆ హక్కు లేదు! ఒడంబడికను అక్కడికి తెచ్చినప్పుడే "ఆ మగవాళ్ల హక్కుల జోలికి పోము" అని బ్రిటన్ షరతు రాసుకుంది. 1997లో చైనా కూడా ఆ షరతును నిలుపుకుంది. 2021లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఈ ఏర్పాటు చెల్లుతుందనే తేల్చింది.

నవ్వుకోకండి. మన ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి చట్టం ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన భాగం ఇచ్చింది గాని, అప్పటికే పెళ్లయిన ఆడపిల్లను గడప బయటే ఉంచింది. ఆమె 2005 దాకా ఆగవలసి వచ్చింది.

అందుకే, మనకోసమని ఎవరైనా కాగితం తెస్తే మొదటి పేజీ చూసి మురిసిపోకండి. "అయితే" అన్న మాట ఎక్కడుందో వెతకండి. మన ఇల్లు సాధారణంగా అక్కడే ఆగిపోయి ఉంటుంది.